పరాయి వీధిలో పండుగ, సొంత వీధికి తాళం

ఏటా మే నెల మధ్యకు వచ్చేసరికి తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్ సగం ఖాళీ అవుతుంది. అప్పటికి బడ్జెట్ సమావేశాలు ముగిసి పార్లమెంటు మూతపడి ఉంటుంది. కోర్టులకు, పాఠశాలలకు వేసవి సెలవులు వస్తాయి. ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. పాలవాడికీ, పేపరువాడికీ రెండు నెలలు రావద్దని చెప్పి, హౌసింగ్ సొసైటీల్లోని కుటుంబాలు ఒక్కటొక్కటే తాళాలు వేసుకుని బయలుదేరుతాయి. పదవీ విరమణ చేసిన అధికారులు, ఆచార్యులు, పాత్రికేయులు, ప్రభుత్వ రంగ సంస్థల ఇంజనీర్లు ఎక్కువగా నివసించే ప్రాంతం ఇది. వారి పిల్లలు, పాత సహోద్యోగులు, విశ్వవిద్యాలయాల నాటి మిత్రులు లండన్‌లోనో, న్యూజెర్సీలోనో, డాలస్‌లోనో, టొరంటోలోనో స్థిరపడి ఉంటారు. ఒకప్పుడు వేసవి అంటే అమ్మమ్మ ఊరు. ఇప్పుడది మనవల ఊరు. ఆ ఊరు సముద్రాల అవతల ఉంది.

జూన్ నుంచి ఆగస్టు దాకా వారు పంపే ఫోటోలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పారిస్‌లో జూన్ 21 రాత్రి కూడళ్లలో పాడుతున్న యువకులు, ఎడిన్‌బరోలో రాతి మెట్ల మీద నాటకం ఆడుతున్న విద్యార్థులు, లండన్ వీధుల్లో ఈకల కిరీటాలు ధరించి నృత్యం చేస్తున్న కరీబియన్ మహిళలు. తిరిగివచ్చిన తర్వాత సాయంత్రపు నడకల్లో వారు చెప్పే మాటలూ ఒకేలా ఉంటాయి. అక్కడ లక్షల మంది రోడ్డు మీదికి వచ్చినా భయం ఉండదనీ, ముసలివారూ పసిపిల్లలూ ఆడవారూ అర్ధరాత్రి దాకా తిరుగుతారనీ, పోలీసులు కూడా నవ్వుతూ కనిపిస్తారనీ అంటారు. చివరికి అందరూ తేల్చేది మాత్రం ఒక్కటే. అది వారి సంస్కారం, వారి క్రమశిక్షణ, మన జనానికి అది ఎన్నటికీ రాదు.

ఆ నగరాల చరిత్ర తెలిసినవారెవరూ ఈ తీర్పును అంగీకరించలేరు. అక్కడి వీధి ఉత్సవాలు క్రమశిక్షణ వల్ల పుట్టలేదు. వాటిలో ముఖ్యమైనవి వలస వచ్చినవారు, పరాయివారనిపించుకున్నవారు, పిలుపు అందనివారు పట్టుబట్టి సాధించుకున్నవి. వాటిని చూసి మురిసిపోయి వచ్చిన మధ్యతరగతి తన కాలనీ గేటు దగ్గరకు వచ్చేసరికి ఆ చరిత్రకు సరిగ్గా ఎదురుగా నిలబడుతోంది. విదేశీ ఉత్సవాల ముచ్చట్లలో ఎప్పుడూ చర్చకు రాని రాజకీయం ఇదే.

లండన్‌లోని నాటింగ్ హిల్ కార్నివాల్‌నే తీసుకుందాం. ఆగస్టు చివరి ఆదివారం, సోమవారాల్లో జరిగే ఈ ఉత్సవానికి పది లక్షలకు పైగా జనం వస్తారు. యూరప్‌లో అతి పెద్ద వీధి ఉత్సవాల్లో ఇదొకటి. దీని మూలాలు 1958 నాటి జాతి విద్వేషపు అల్లర్లలో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూలిన బ్రిటన్‌ను నిలబెట్టడానికి కరీబియన్ దీవుల నుంచి వేల మంది కార్మికులు వచ్చారు. బస్సులు నడిపారు, ఆసుపత్రుల్లో సేవ చేశారు. కానీ వారికి అద్దె ఇల్లు దొరకలేదు. నల్లవారికి ఇవ్వబోమని కిటికీల్లోనే అట్టలు వేలాడేవి. 1958 ఆగస్టు ఆఖరులో శ్వేతజాతి యువకుల గుంపులు నాటింగ్ హిల్ పరిసరాల్లో వారి ఇళ్లపై దాడులకు తెగబడ్డాయి. రోజుల తరబడి ఆ దాడులు సాగాయి.

ఆ సమయంలో లండన్‌లో క్లాడియా జోన్స్ అనే పాత్రికేయురాలు ఉన్నారు. ట్రినిడాడ్‌లో పుట్టి, న్యూయార్క్‌లో పెరిగి, కమ్యూనిస్టు అయినందుకు అమెరికాలో జైలుకు వెళ్లి, 1955లో ఆ దేశం నుంచి బహిష్కరణకు గురైన మహిళ ఆమె. వెస్టిండియన్ గెజెట్ అనే పత్రికను 1958లో స్థాపించారు. దాడులకు గురైన సమాజం భయంతో తలుపులు మూసుకోకూడదని ఆమె భావించారు. 1959 జనవరి 30న సెయింట్ పాంక్రాస్ టౌన్‌హాల్‌లో కరీబియన్ కార్నివాల్‌ను నిర్వహించారు. చలికాలం కనుక అది నాలుగు గోడల మధ్యే జరిగింది. బీబీసీ దాన్ని ప్రసారం చేసింది. అదే ఏడాది మే నెలలో కెల్సో కాక్రేన్ అనే అంటిగ్వా వడ్రంగిని నాటింగ్ హిల్ వీధిలో పొడిచి చంపారు. ఆ హత్యకు ఇప్పటివరకూ ఎవరికీ శిక్ష పడలేదు. ఆయన అంత్యక్రియలకు వెయ్యి మందికి పైగా వచ్చారు. వారిలో నల్లవారూ తెల్లవారూ ఉన్నారు.

క్లాడియా జోన్స్ 1964లో మరణించారు. లండన్ హైగేట్ శ్మశానంలో కార్ల్ మార్క్స్ సమాధి పక్కనే ఆమె సమాధి ఉంది. రెండేళ్ల తర్వాత, 1966లో, రోన్ లాస్లెట్ అనే స్థానిక సంఘ సేవిక ఆ పేటలోని పిల్లల కోసం ఒక వీధి పండుగ జరిపారు. రసెల్ హెండర్సన్ బృందం ఉక్కు డప్పులు వాయిస్తూ నిర్ణయించిన చోటు దాటి వీధుల్లోకి నడిచింది. జనం వెంట నడిచారు. హాలులో మొదలైన పండుగ ఆ రోజుతో వీధికి ఎక్కింది. అక్కడి నుంచి దారి పూలబాటేమీ కాదు. 1976లో కార్నివాల్‌లోనే పోలీసులకూ నల్లజాతి యువకులకూ మధ్య పెద్ద ఘర్షణ జరిగింది. దాన్ని నిషేధించాలనీ, ఏదైనా మైదానంలోకి నెట్టేయాలనీ ఎన్నోసార్లు ఒత్తిళ్లు వచ్చాయి. వారు వీధిని వదల్లేదు. 2017 జూన్‌లో ఆ పక్కనే గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. ఇప్పుడు ఏటా కార్నివాల్‌లో 72 సెకన్ల పాటు సంగీతం ఆగిపోతుంది. పది లక్షల మంది మౌనంగా నిలబడతారు. ఫోటోలకు అందని క్షణం అది. పండుగ నగర జీవితంలో ఎంత లోతుగా పాతుకుపోయిందో ఆ మౌనం చెబుతుంది.

ఎడిన్‌బరో కథ వేరు, కానీ సారం దగ్గరిదే. 1947లో యుద్ధపు శిథిలాల మధ్య అంతర్జాతీయ కళోత్సవాన్ని ప్రారంభించిన రుడాల్ఫ్ బింగ్ ఆస్ట్రియాలో పుట్టి, నాజీల వల్ల జర్మనీ వదిలి వచ్చినవాడు. ఆ తొలి ఉత్సవానికి ఆహ్వానం లేని ఎనిమిది నాటక బృందాలు పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, దొరికిన చోటల్లా ప్రదర్శనలిచ్చాయి. నేడు ఫ్రింజ్ పేరిట ప్రపంచమంతా వచ్చి చూసేది ఆ పిలవని పేరంటాన్నే. ఇక పారిస్‌లో 1982లో సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ జూన్ 21ని సంగీత దినంగా ప్రకటించి, ఎవరైనా ఎక్కడైనా ఉచితంగా పాడుకోవచ్చన్నారు. ఒక ప్రభుత్వం తన పౌరులకు వీధిని అప్పగించిన నిర్ణయం అది. ఈ రెండు నగరాల్లోనూ పౌరుడు ప్రేక్షకుడిగా మాత్రమే మిగిలిపోలేదు.

ఈ యాత్రల్లో రెండో భాగం ప్రవాస మిత్రుల ఇళ్లు. మయూర్ విహార్ నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలకు ఇదే అసలు ఆకర్షణ. ఆవకాయ జాడీలు, పూతరేకుల పెట్టెలు సూట్‌కేసుల్లో సర్దుకుని వెళ్లి, ముప్పై ఏళ్ల క్రితం విడిపోయిన స్నేహితుల వంటిళ్లలో కూర్చుని, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాజకీయాలను అర్ధరాత్రి దాకా చర్చించడంలో ఉన్న ఆనందాన్ని ఎవరూ కాదనలేరు. అమెరికాలో జూలై 4 సెలవుల సమయానికి ఉంటే తెలుగు సంఘాల మహాసభలూ తగులుతాయి. తానా తొలి మహాసభ 1977లో న్యూయార్క్‌లో జరిగింది. 2023 జూలైలో ఫిలడెల్ఫియాలో, 2025 జూలైలో డెట్రాయిట్ సమీపంలోని నోవైలో ఆ సంఘం మహాసభలు జరిగాయి. ఆటా, నాట్స్, నాటా కూడా తమ తమ వంతు సభలు జరుపుతాయి. ఒకే భాష మాట్లాడేవారికి ఇన్ని సంఘాలెందుకని అడిగితే జవాబు అందరికీ తెలుసు, ఎవరూ పైకి చెప్పరు. కులమూ, ప్రాంతమూ, పార్టీ కూడా విమానం ఎక్కి వెళ్లాయి.

ఈ సంఘాలు చేసే మేలును తక్కువ చేయడం న్యాయం కాదు. అర్ధాంతరంగా మరణించిన విద్యార్థి మృతదేహాన్ని స్వగ్రామానికి పంపడం దగ్గర నుంచి, పిల్లలకు తెలుగు నేర్పడం దాకా అవి చేస్తున్న సేవ ఎన్నదగినది. ప్రశ్న వాటి ఉత్సవాల తీరు గురించి. ఆ మహాసభలు అద్దెకు తీసుకున్న కన్వెన్షన్ సెంటర్లలో జరుగుతాయి. వేదిక మీద స్వదేశం నుంచి పిలిపించిన మంత్రులు, శాసనసభ్యులు, సినీ తారలు ఉంటారు. చప్పట్లు కొట్టేదీ తెలుగువారే, సన్మానాలు పొందేదీ తెలుగువారే. ఆ హాలు ఉన్న వీధిలో నివసించే అమెరికన్‌కు లోపల ఏం జరుగుతోందో తెలియదు. క్లాడియా జోన్స్ హాలులో మొదలుపెట్టిన పండుగ ఏడేళ్లలో వీధిలోకి వచ్చింది. దాదాపు అర్ధ శతాబ్దం గడిచినా తెలుగు పండుగ ఎక్కువగా హాలులోనే ఉంది.

దీనికి కారణాలు లేకపోలేదు. అమెరికా శివారు పట్టణాల్లో నడిచే వీధులే తక్కువ. వీసా మీద ఉన్నవాడికి నలుగురి దృష్టిలో పడకుండా ఉండటమే క్షేమమనిపిస్తుంది. గ్రీన్‌కార్డు కోసం దశాబ్దాల వరుసలో నిలబడ్డవాడు ఆ దేశాన్ని తన దేశమని ఏ ధైర్యంతో అనుకుంటాడు? కానీ కనిపించకుండా ఉండటం రక్షణ కాదని అనుభవం నేర్పింది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథేలో, పని ముగించుకుని మిత్రుడితో కూర్చున్న హైదరాబాద్ ఇంజనీరును ఒక దుండగుడు మా దేశం వదిలిపొమ్మంటూ కాల్చి చంపాడు. అతణ్ని అడ్డుకోబోయి తూటా తిన్నది ఒక అమెరికన్ శ్వేతజాతి యువకుడే. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ట్రంప్ ప్రకటన చేశారు. ఆ వీసాలు పొందేవారిలో 70 శాతానికి పైగా భారతీయులే. అంత పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఈ సమాజం పక్షాన గట్టిగా మాట్లాడిన ఇరుగుపొరుగు ఎంతమంది? వేదికల మీద దండలు వేయించుకున్న మన నాయకులు ఎంతమంది?

వీధిలోకి వచ్చినంత మాత్రాన అంతా చక్కబడుతుందనీ కాదు. 2022 ఆగస్టులో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో భారత స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపు వీధిలోనే సాగింది. అందులో ఒక బుల్‌డోజరు కూడా సాగింది. మైనారిటీల ఇళ్లు కూల్చడానికి సంకేతంగా మారిన ఆ యంత్రాన్ని చూసి స్థానికులు నిరసన తెలిపారు. చివరికి నిర్వాహకులు క్షమాపణ చెప్పవలసివచ్చింది. బ్రిటన్‌లోని లెస్టర్ నగరం అనుభవం ఇంకా బాధాకరం. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి భారతీయులను వెళ్లగొట్టినప్పుడు, మా ఊరికి రావద్దంటూ లెస్టర్ నగర పాలక మండలి ఉగాండా పత్రికలో ప్రకటన ఇచ్చింది. వారు వచ్చారు, దుకాణాలు పెట్టారు, కార్ఖానాల్లో పనిచేశారు. రావద్దన్న అదే నగరం తర్వాతి కాలంలో భారతదేశం వెలుపల అతి పెద్ద దీపావళి ఉత్సవాల్లో ఒకదానికి వేదికైంది. అర్ధ శతాబ్దపు ఆ ప్రయాణం తర్వాత, 2022 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, ఒక భారత్ - పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ అనంతరం హిందూ, ముస్లిం యువకులు అక్కడి వీధుల్లో తలపడ్డారు. స్వదేశపు విషం ఎంత దూరమైనా ప్రయాణించగలదు. ఊరేగింపు పక్కవాడిని కలుపుకుపోవడానికా, బెదిరించడానికా అన్నదే పండుగకూ దండయాత్రకూ ఉన్న తేడా.

ఇప్పుడు మయూర్ విహార్ వైపు చూడాలి. నిజానికి ఇది కూడా ప్రవాసుల ఊరే. 1980ల నుంచి యమున తూర్పు గట్టున ఢిల్లీ అభివృద్ధి సంస్థ నిర్మించిన ఫ్లాట్లలోకీ, సహకార సంఘాల భవనాల్లోకీ దేశం నలుమూలల నుంచి వచ్చినవారు చేరారు. మలయాళీలు గురువాయూరప్పన్ ఆలయం కట్టుకున్నారు. తమిళులు వినాయకుణ్ని, బెంగాలీలు కాళీమాతను ప్రతిష్ఠించుకున్నారు. ఓనం, దుర్గాపూజ, అయ్యప్ప మండల దీక్ష, ఉగాది పచ్చడి అన్నీ ఇక్కడ ఉన్నాయి. కార్తీక మాసంలో ఛఠ్ పూజ వేళ బీహార్, పూర్వాంచల్ మహిళలు యమున వైపు సాగుతారు. ఇంత వైవిధ్యం ఉన్నా ప్రతి పండుగా దాని ప్రాంగణంలోనే జరుగుతుంది. ప్రతి సొసైటీకీ గేటు ఉంటుంది, గేటు దగ్గర రిజిస్టరు ఉంటుంది, ఇంటి పనికి వచ్చే మహిళకు గుర్తింపు కార్డు ఉంటుంది. లండన్‌లో ఎవరి పండుగలోనో ఎవరూ పిలవకుండానే కలిసిపోయిన కుటుంబం, ఇక్కడ పక్క సొసైటీ పండుగకు కూడా వెళ్లదు.

ఆ పని మనుషులు వచ్చే త్రిలోక్‌పురి రోడ్డు దాటితే ఉంటుంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976 ప్రాంతంలో, ఢిల్లీ నడిబొడ్డున ఉన్న మురికివాడలను కూల్చి, అక్కడి పేదలను తెచ్చి పడేసిన పునరావాస కాలనీ అది. 1984 నవంబరు 1, 2 తేదీల్లో, ఇందిరాగాంధీ హత్యానంతరం, అక్కడి 32వ బ్లాకులో వందల మంది సిక్కులను ఊచకోత కోశారు. అధికారిక లెక్కల ప్రకారమే ఆ మారణహోమంలో ఢిల్లీలో 2,733 మంది మరణించారు. త్రిలోక్‌పురి వాటిలో అతి ఘోరమైన అధ్యాయం. మూడు దశాబ్దాల తర్వాత, 2014 అక్టోబరులో దీపావళి రాత్రి, అదే కాలనీలో మసీదు సమీపంలో వెలసిన ఒక తాత్కాలిక పూజా మండపం దగ్గర మొదలైన తగాదా మతఘర్షణగా మారింది. రోజుల తరబడి నిషేధాజ్ఞలు అమలయ్యాయి. నాటింగ్ హిల్‌లో అల్లర్ల నుంచి పండుగ పుట్టింది. త్రిలోక్‌పురిలో పండుగ నుంచి అల్లర్లు పుట్టాయి. ఆ రెండు సందర్భాల తర్వాతా మయూర్ విహార్ తన గేట్లను పెంచుకుంది తప్ప, పొరుగువారితో మాట కలపలేదు.

ఢిల్లీ మెట్రో పింక్ లైన్ నగరాన్ని చుట్టివచ్చేలా కట్టిన మార్గం. 2018 ఆఖరు నాటికి అది రెండు వైపుల నుంచీ వచ్చి మయూర్ విహార్ పాకెట్-1 స్టేషన్ దగ్గర ఒకటి, త్రిలోక్‌పురి స్టేషన్ దగ్గర ఒకటి ఆగిపోయింది. మధ్యలో 300 మీటర్లు కూడా లేని ఖాళీ మిగిలింది. దారిలో ఉన్న ఇళ్లవారి పునరావాసం తేలక ఆ కాస్త దూరం పూర్తి కావడానికి 2021 ఆగస్టు దాకా పట్టింది. పదుల కిలోమీటర్ల మార్గంలో చిట్టచివరిదాకా అతకని చోటు సరిగ్గా ఈ రెండు కాలనీల మధ్యే ఉండటం కాకతాళీయం కావచ్చు. రైలు పట్టాలు ఇప్పుడు అతికాయి. మనుషుల మధ్య ఆ దూరం అలాగే ఉంది.

యమున వైపు వెళితే మరో దృశ్యం. 2023 జూలై 13న పాత రైలు వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు చేరి పాత రికార్డులన్నింటినీ చెరిపేసింది. నది మేటల్లో కూరగాయలు పండించుకునే వేలాది కుటుంబాలు మయూర్ విహార్ ఫ్లైఓవర్ల కింద, రోడ్ల పక్కన ప్లాస్టిక్ పట్టాల కింద తలదాచుకున్నాయి. అంతకు కొద్ది రోజుల ముందే ఫిలడెల్ఫియాలో తెలుగు మహాసభలు ముగిశాయి. 2020 మార్చి 22న ఈ బాల్కనీల నుంచే పళ్లాలు మోగాయి. వారం తిరక్కుండా, మార్చి 28న, మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను భుజాన వేసుకుని, వేలాది వలస కార్మికులు ఈ పక్క జాతీయ రహదారి మీదుగానే ఆనంద్ విహార్ బస్సు స్టేషన్‌కు నడిచారు. ఆ బాల్కనీల్లో ఉన్నవారూ వలస వచ్చినవారే, ఆ రోడ్డు మీద నడిచినవారూ వలస వచ్చినవారే. నగరం ఒకరికి అపార్టుమెంటు ఇచ్చింది, మరొకరికి దారి చూపించింది. విదేశంలో తమ పిల్లల వీసా గురించి ఆందోళన చెందే తల్లిదండ్రులకు ఈ పోలిక తట్టకపోవడం విచారకరం.

జనం వీధిలోకి వస్తే ప్రమాదం కదా అన్న అభ్యంతరం సహేతుకమైనదే. 2015 జూలై 14న రాజమహేంద్రవరంలో గోదావరి పుష్కరాల తొలిరోజు తొక్కిసలాటలో 27 మంది మరణించారు. 2025 ఫిబ్రవరిలో న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌లో కుంభమేళా ప్రయాణికులు 18 మంది, అదే ఏడాది జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట క్రికెట్ అభిమానులు 11 మంది తొక్కిసలాటల్లో ప్రాణాలు కోల్పోయారు. నాటింగ్ హిల్‌లోనూ నేరాలు జరుగుతాయి, ఇళ్లవారు కిటికీలకు చెక్కలు కొట్టుకుంటారు, ఇరుకు వీధుల్లో తొక్కిసలాట ముప్పు గురించి హెచ్చరికలూ వచ్చాయి. తేడా ఆ తర్వాత జరిగేదానిలో ఉంది. భద్రతా లోపాలు బయటపడినప్పుడు 2025లో లండన్ మేయర్ కార్యాలయం, రెండు స్థానిక పాలక మండళ్లు కలిసి దాదాపు 10 లక్షల పౌండ్ల అదనపు సహాయం అందించాయి. రోజుకు 7,000 మంది దాకా పోలీసులను నియమించారు. మన దగ్గర ప్రముఖుల కోసం ఘాట్లు, గేట్లు సిద్ధమవుతాయి. సామాన్యులను గుంపుగా లెక్కిస్తారు. ప్రాణాలు పోయాక విచారణ సంఘం వేస్తారు, మరుసటి ఏడు మళ్లీ అదే.

వీధి ఉత్సవం మన సంస్కృతిలో లేదన్న వాదన అన్నిటికన్నా బలహీనమైనది. మొగల్ చక్రవర్తి రెండో అక్బర్ షా కాలంలో, ఆంగ్లేయులు అలహాబాద్‌కు పంపించివేసిన కుమారుడు తిరిగి రావాలని రాణి మొక్కుకున్న మొక్కు నుంచి ఢిల్లీలో ఫూల్ వాలోం కీ సైర్ పుట్టింది. మెహ్రౌలీలోని కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గాకూ, యోగమాయ ఆలయానికీ హిందువులూ ముస్లింలూ కలిసి పూల విసనకర్రలు సమర్పిస్తారు. 1942లో బ్రిటిష్ ప్రభుత్వం దీన్ని ఆపేసింది. స్వాతంత్ర్యం తర్వాత 1960ల ఆరంభంలో నెహ్రూ ప్రోత్సాహంతో మళ్లీ మొదలైంది. అలాంటి ఉత్సవం 2025 శరత్తులో అనుమతులు రాక నిర్ణీత సమయానికి జరగలేదు. మయూర్ విహార్‌లో ఎంతమందికి ఆ సంగతి తెలుసు?

తెలుగువారికైతే ఈ పాఠం కోసం దేశం దాటనక్కరలేదు. వీరు విదేశాల్లో ఉండే ఆషాఢ మాసంలోనే హైదరాబాద్‌లో బోనాలు జరుగుతాయి. గోల్కొండలో మొదలై, లష్కర్ ఉజ్జయిని మహంకాళి మీదుగా, లాల్ దర్వాజా దాకా నెల రోజులు నగరమంతా నడిచే పండుగ అది. 1813 నాటి మహమ్మారి జ్ఞాపకాన్ని మోసుకొస్తున్న ఆ జాతరలో ప్రధాన పాత్రలు బస్తీల మహిళలవి, పోతరాజులవి, జోగినిలవి, డప్పు కళాకారులవి. పాతబస్తీలో ఘటాల ఊరేగింపు చార్మినార్ మీదుగా మూసీ వైపు సాగుతుంది. తెలంగాణ ఏర్పడగానే 2014లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. ఇప్పుడు ఢిల్లీలోని తెలంగాణ భవన్‌లోనూ, లండన్‌లోని తెలంగాణ సంఘాలలోనూ బోనం ఎత్తుతున్నారు. సంతోషమే. అయితే బస్తీ మహిళ నెత్తిన మొదలైన ఆ కుండ ఢిల్లీలోనో, లండన్‌లోనో ప్రముఖుల చేతుల్లో ఫోటోగా మిగిలిపోకూడదు.

వీధిని పౌరులకు ఇవ్వగలిగింది స్థానిక ప్రభుత్వమే. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. అయినా మన నగరాల్లో వీధి ఎవరిదో తేలలేదు. ఢిల్లీ కార్పొరేషన్‌ను 2012లో మూడు ముక్కలు చేశారు, 2022లో మళ్లీ అతికించారు. 2022 డిసెంబరులో ఎన్నికలు జరిగితే, మూడుసార్లు సభ రసాభాస అయ్యాక 2023 ఫిబ్రవరి 22న గానీ మేయర్ ఎన్నిక కాలేదు. రోడ్డు ఒకరిది, కాలువ మరొకరిది, భూమి ఢిల్లీ అభివృద్ధి సంస్థది, పోలీసులు కేంద్రానివి. ఇందరి అనుమతి పొంది ఒక పేట తన వీధిలో ఒక పూట పాడుకోవడం సాధ్యమా? 2013లో గురుగ్రామ్‌లో, 2014లో కన్నాట్ ప్లేస్‌లో రాహ్‌గిరి పేరిట కార్లు లేని ఉదయాలు మొదలైనప్పుడూ, 2021లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు జనానికి వదిలినప్పుడూ పిల్లలతో సహా కుటుంబాలు తరలివచ్చాయి. మన జనానికి వీధిలో ఉండటం రాదన్న మాటకు అదే సమాధానం.

మయూర్ విహార్ మధ్యతరగతి చిన్న శక్తి కాదు. పత్రికల్లో రాసేది వారే, అధికారుల తలుపు తట్టగలిగేదీ వారే. పార్కింగ్ స్థలం కోసం, గేటు మూసే వేళల కోసం వారి సంక్షేమ సంఘాలు హైకోర్టు దాకా వెళ్లగలవు. ఆ పలుకుబడిలో పదో వంతు త్రిలోక్‌పురికీ మయూర్ విహార్‌కూ మధ్య ఉన్న రోడ్డును ఏడాదికి ఒక్క ఆదివారం రెండు కాలనీలకూ తెరవడానికి వాడవచ్చు. ఓనం పూల ముగ్గు, ఛఠ్ ఠేకువా, సిక్కుల లంగర్, మొహర్రం షర్బతు, బోనాల డప్పు ఒకే రోడ్డు మీద కనబడటానికి విదేశీ క్రమశిక్షణేదీ అవసరం లేదు. స్థానిక కార్పొరేటరును నిలదీసి అనుమతి సాధించే పట్టుదల కావాలి.

1959 నాటి ఆ తొలి కార్నివాల్ కోసం ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత భాగాన్ని, నాటింగ్ హిల్ ఘటనల కేసుల్లో జరిమానాలు పడిన యువకుల కోసం ఇస్తామని అందులోనే ప్రకటించారు. నల్లజాతి యువకులకే కాదు, శ్వేతజాతి యువకులకు కూడా. దెబ్బలు తిన్న ఒక వలస సమాజం, తమ మీదికి వచ్చినవారిని కూడా పొరుగువారిగానే లెక్కించిన సందర్భం అది. 2014 దీపావళి తర్వాత త్రిలోక్‌పురిలోనూ రెండు మతాల యువకులు అరెస్టయ్యారు. వారి జామీను కోసం, జరిమానా కోసం, మళ్లీ పనిలో చేరడం కోసం రోడ్డుకు ఈ పక్కన ఉన్న మయూర్ విహార్‌లో ఎన్ని సంఘాలు చందా వేశాయి?